లెక్కలు, సైన్సు టీచర్ల శిక్షణ: పిల్లల ఆలోచన దాకా సాగిన దారి

ఉపాధ్యాయులు ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభివృద్ధికి వెచ్చించాలని జాతీయ విద్యా విధానం–2020 చెప్పింది. ఆ గంటలను ఎలా లెక్కగట్టాలి, శిక్షణ ఆన్‌లైన్‌లో ఉండాలా ప్రత్యక్షంగా ఉండాలా అన్నవి అవసరమైన ప్రశ్నలే. అయితే ఆ గంటల్లో లెక్కల టీచరు, సైన్సు టీచరు ఏం తెలుసుకుని బడికి తిరిగి వెళ్లాలన్నది వాటికంటే పెద్ద ప్రశ్న. దానికి ఆరేడు దశాబ్దాల చరిత్ర ఉంది.

1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను కక్ష్యలోకి పంపాక, తమ బడుల్లో సైన్సు, గణితం వెనకబడ్డాయన్న ఆందోళన అమెరికాను పట్టుకుంది. అప్పటికే అక్కడి ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ టీచర్లకు నడుపుతున్న వేసవి శిక్షణ తరగతులు ఆ తర్వాత బాగా విస్తరించాయి. భారతదేశంలోనూ 1963 నుంచి అమెరికా సాయంతో సైన్సు, గణిత అధ్యాపకులకు ఇలాంటి వేసవి తరగతులు మొదలయ్యాయి. వాటిలో విశ్వవిద్యాలయ ఆచార్యులు ప్రధానంగా సబ్జెక్టునే బోధించారు. సబ్జెక్టు క్షుణ్ణంగా తెలిసిన టీచరు బాగా చెప్పగలరనీ, బాగా చెబితే పిల్లలకు అర్థమవుతుందనీ అప్పటి నమ్మకం. ఇందులో మొదటి సగాన్ని కాదనలేం. చిక్కంతా రెండో సగంతోనే వచ్చింది.

ఆ చిక్కు ఎంత లోతైనదో 1973లో స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ అనే పరిశోధకుడు ఒకే ఒక్క పిల్లవాడితో మాట్లాడి బయటపెట్టాడు. పరిశోధనలో బెన్నీ అని పేర్కొన్న ఆ పన్నెండేళ్ల అబ్బాయి, ఎవరి వేగంతో వారు పాఠాలు, పరీక్షలు పూర్తి చేసుకుంటూ పోయే పద్ధతిలో చదువుతూ, తరగతిలో సగటు కంటే ముందున్నాడని పేరు తెచ్చుకున్నాడు. 2/10ను దశాంశంగా రాయమంటే 1.2 అన్నాడు, లవాన్నీ హారాన్నీ కూడితే 12 వస్తుంది, మధ్యలో చుక్క పెడితే సరి. అదే సూత్రంతో 4/11కి 1.5 రాశాడు, 11/4కీ 1.5 రాశాడు, రెండూ సమానం కావడం అతనికి వింతగా తోచలేదు. జవాబుల పట్టికతో సరిపోలని ప్రతిసారీ మరో సూత్రం కల్పించుకుంటూ పరీక్షలు దాటేశాడు. మార్కులు చూస్తే ఇదేదీ కనబడదు. ఎదురుగా కూర్చుని, ఈ జవాబు ఎలా వచ్చిందో చెప్పమని అడిగితే తప్ప తెలియదు.

సైన్సులోనూ ఇదే జరిగింది. 1980లలో ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో రోజలిండ్ డ్రైవర్ బృందం, ఇతర దేశాల్లో మరికొందరు, పిల్లలు ప్రకృతిని సొంతంగా ఎలా వివరించుకుంటారో నమోదు చేశారు. బల్బు వెలిగాక కరెంటు కొంత అందులోనే ఖర్చయిపోతుందని, మొక్క తన ఆహారాన్ని మట్టిలోంచి పీల్చుకుంటుందని పిల్లలు పొరపాటుగానే అయినా గట్టిగా నమ్ముతారు. కిరణజన్య సంయోగక్రియ నిర్వచనం తప్పు లేకుండా అప్పజెప్పిన విద్యార్థిలో కూడా ఆ నమ్మకం చెక్కుచెదరకుండా ఉండిపోవచ్చు. సబ్జెక్టు జ్ఞానం, బోధనా పద్ధతులు రెండూ ఉన్నా చాలదని, ఒక్కో పాఠ్యాంశంలో పిల్లలు ఏ అభిప్రాయాలతో వస్తారో, ఎక్కడ తడబడతారో తెలియడం ఉపాధ్యాయ వృత్తికి సొంతమైన ప్రత్యేక జ్ఞానమని అమెరికా విద్యా పరిశోధకుడు లీ షుల్మన్ 1986లో వాదించాడు.

ఈ జ్ఞానాన్ని నేరుగా టీచర్ల చేతికిస్తే ఏమవుతుందో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో థామస్ కార్పెంటర్, ఎలిజబెత్ ఫెనెమా తదితరులు పరీక్షించి చూశారు. నా దృష్టిలో ఈ చరిత్రలో అతి ముఖ్యమైన ఘట్టం ఇదే. “నీ దగ్గర 5 గోళీలున్నాయి, 13 కావాలంటే ఇంకా ఎన్ని కావాలి?” అని అడిగితే పెద్దవాళ్లకు అది తీసివేత. ఒకటో తరగతి పిల్ల మాత్రం 5 గింజలు పెట్టి, 13 అయ్యేదాకా కలుపుతూ పోయి, తర్వాత కలిపినవాటిని లెక్కపెడుతుంది. కొన్నాళ్లకు గింజలు వదిలేసి 6, 7, 8 అంటూ వేళ్ల మీద ముందుకు లెక్కిస్తుంది. ఆ పైన, తెలిసిన కూడికల నుంచి తెలియనివి రాబట్టుకుంటుంది. ఒకటో తరగతి చెప్పే 40 మంది టీచర్లలో సగం మందికి నెల రోజుల వేసవి శిక్షణలో ఈ క్రమాన్ని పరిచయం చేశారు. పాఠ్య ప్రణాళిక గానీ, ఇలాగే బోధించాలన్న సూచనలు గానీ ఇవ్వలేదు. 1989లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, శిక్షణ పొందినవారు కూడికలు, తీసివేతల కంఠస్థానికి తక్కువ సమయం, సమస్యల సాధనకు ఎక్కువ సమయం ఇచ్చారు, పిల్లలు చెప్పేది ఎక్కువగా విన్నారు. అయినా వారి విద్యార్థులు ఆ కూడికలు, తీసివేతలను గుర్తుకు తెచ్చుకోవడంలోనూ ముందున్నారు. ఇదే పద్ధతిలో తర్వాత నడిచిన మరో శిక్షణ కార్యక్రమం ముగిసిన నాలుగేళ్లకు, అందులో పాల్గొన్న 22 మంది టీచర్లను మళ్లీ పరిశీలించగా, అందరూ పిల్లల ఆలోచనను ఎంతో కొంత ఉపయోగించుకుంటూనే ఉన్నారు; 10 మంది దాని గురించి తమంతట తాము ఇంకా నేర్చుకుంటూ ఉన్నారు.

మన దేశంలో దీనికి దగ్గరి దారి అంతకుముందే పడింది. 1972లో మధ్యప్రదేశ్‌లోని 16 మాధ్యమిక (6–8 తరగతుల) బడుల్లో మొదలైన హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమం 1978లో జిల్లా అంతటికీ విస్తరించింది. అందులో టీచర్లు, పిల్లలు చేయాల్సిన ప్రయోగాలన్నీ ముందు తామే జట్లుగా చేశారు; తర్వాత నెలనెలా కలుసుకుని తరగతిలో ఎదురైన ప్రశ్నలను చర్చించారు. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని మూసేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటిష్ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా పథకం, 1980లలో ప్రయోగాత్మకంగా మొదలై తర్వాత రాష్ట్రమంతటికీ చేరి, చేసి నేర్చుకోవడం, వ్యక్తిగత భేదాలకు తగిన బోధన, పరిసరాల వినియోగం, పిల్లల పనిని తరగతిలో ప్రదర్శించడం వంటి ఆరు సూత్రాలను ప్రాథమిక ఉపాధ్యాయులకు అందించింది. టీచర్లు తరచూ కలుసుకునే కేంద్రాలనూ ఏర్పరిచింది. సూత్రాలు మంచివే. కానీ రాష్ట్ర స్థాయిలో శిక్షణ పొందినవారు జిల్లాకు, జిల్లావారు మండలానికి చెప్పుకుంటూ వచ్చే ఏర్పాటులో చార్టులు, కృత్యాలు కిందిదాకా సులువుగా చేరతాయి. ఈ తప్పు ఈ పిల్లవాడు ఎందుకు చేశాడన్న పరిశీలన చేరదు, ఎందుకంటే అది మాడ్యూల్‌లో ముందుగా రాసిపెట్టగలిగేది కాదు.

దానికి కావలసిన వేదిక మాత్రం మనకు కొత్తగా కట్టుకోవలసిన పని లేదు. దగ్గరి బడులను ఒక సముదాయంగా కలపాలని, కేంద్రం విద్యపై వేసిన కొఠారీ కమిషన్ 1966లోనే సిఫారసు చేసింది, 2020 విధానం ఆ మాటను మళ్లీ తెచ్చింది. ఈ స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక పూట పై నుంచి వచ్చిన ఎజెండాను పక్కనపెట్టి, టీచర్లు తమ తరగతి పిల్లల నోటుపుస్తకాలను బల్ల మీద పరచి, భిన్నాల పేజీలో ఎవరు ఏ సూత్రంతో ఆ జవాబు రాశారో కలిసి చదివే వీలు ఉండాలి. 50 గంటల్లో ఆ పూటను కూడా శిక్షణగా లెక్కించాలి.