ఆరు రోజుల్లో ఐదు ఆటలు: 1899 నాటి సువానీ జట్టు

పడమటి తీరంలోని యూసీఎల్‌ఏ, ఒరెగాన్ వంటి విశ్వవిద్యాలయాలు 2024లో, ఎక్కువగా దేశపు మధ్య, తూర్పు ప్రాంతాల విశ్వవిద్యాలయాలున్న బిగ్ టెన్ క్రీడా కూటమిలో చేరినప్పటి నుంచి, ప్రసార హక్కుల సొమ్ము కోసం విద్యార్థులను దేశం ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పడం న్యాయమేనా అన్న చర్చ అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో సాగుతూనే ఉంది. ఇది టీవీతో పుట్టిన సమస్య కాదనడానికి 1899 నాటి సువానీ జట్టే సాక్ష్యం.

టెనెసీ రాష్ట్రంలో, కంబర్లాండ్ పీఠభూమి మీద, ఎపిస్కోపల్ చర్చి నెలకొల్పిన యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్‌ను అది ఉన్న ఊరి పేరుతో సువానీ అనే పిలుస్తారు. ఆ ఏడు గేటు వసూళ్ల (టికెట్ల రాబడి) దగ్గర వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంతో తగవు వచ్చి, మంచి రాబడి తెచ్చే ఆట ఒకటి లేకుండా పోయింది. ఆ లోటు పూడ్చడానికి జట్టు మేనేజరు ల్యూక్ లీ ఒకే రైలు యాత్రలో ఐదు ఆటలు కుదిర్చాడు. అతనికి అప్పటికి ఇరవై ఏళ్లే, తానూ విద్యార్థే.

నవంబర్ 9న ఆస్టిన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయంపై 12-0, మర్నాడు హ్యూస్టన్‌లో టెక్సస్ ఎ అండ్ ఎంపై 10-0, 11న న్యూ ఆర్లియన్స్‌లో టులేన్‌పై 23-0 తేడాతో గెలిచారు. ఆదివారం ఆట లేదు. 13న బాటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూను (లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం) 34-0తో, 14న మెంఫిస్‌లో మిసిసిపీని 12-0తో ఓడించారు. దాదాపు 2,500 మైళ్ల ప్రయాణంలో ప్రత్యర్థులకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు.

ఇదెంత కష్టమో తెలియాలంటే ఆనాటి ఆట తీరు గుర్తుంచుకోవాలి. బంతిని ముందుకు విసరడం 1906 దాకా నిషిద్ధం కాబట్టి, మందగా కూడి ఎదుటివారి మీద పడి తోసుకుపోవడమే ప్రధాన వ్యూహం. దాడికీ రక్షణకూ అదే పదకొండు మంది. నేటి గట్టి హెల్మెట్లు లేవు. బంతిని ఎదుటివారి గోల్ గీత దాటించే టచ్‌డౌన్‌కు ఐదు పాయింట్లే. అలాంటి ఆటను వరుసగా మూడు రోజులు, రాత్రిళ్లు రైల్లో గడుపుతూ ఆడారంటే, కెప్టెన్ హెన్రీ సైబెల్స్ జట్టుకు నేను మనసారా నమస్కరిస్తాను. అయితే ఆ ఘనకార్యం గురించి చెప్పుకున్నంతగా, వసూళ్ల కోసం ఆ యువకుల శరీరాలు మోసిన భారం గురించి మనం చెప్పుకోలేదన్న బాధ కూడా నాకుంది.

బిల్లీ సూటర్ శిక్షణలో ఆ జట్టు ఆడిన 12 ఆటలూ గెలిచి, 322 పాయింట్లు సాధించింది. ఇచ్చినవి 10 మాత్రమే. ఆ పదీ జాన్ హైస్‌మన్ శిక్షణ ఇచ్చిన ఆబర్న్ జట్టుకు, 11-10తో ముగిసిన ఆటలో దక్కాయి.

ఆట మోటుతనంపై ఆందోళన ముదిరి, 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కళాశాలల ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించాడు. తరువాత ఏర్పడిన సంఘమే 1910లో ఎన్‌సీఏఏ (కళాశాల క్రీడల జాతీయ సంఘం) అయింది. దెబ్బలు తగ్గించే నియమాలు త్వరగానే వచ్చాయి. రాబడిలో ఆటగాళ్ల వాటా మాత్రం చాలా కాలం తేలలేదు. కళాశాలలు వారికి నేరుగా చెల్లించేందుకు వీలిచ్చిన ఒప్పందాన్ని ఫెడరల్ కోర్టు ఆమోదించింది 2025 జూన్‌లోనే.

ల్యూక్ లీ ఆ తరువాత అమెరికా సెనేటర్ అయ్యాడు. సువానీ 1932లో ఏర్పడిన సౌత్ఈస్టర్న్ కూటమిలో వ్యవస్థాపక సభ్యురాలిగా చేరి, అందులో ఒక్క ఆట కూడా గెలవలేక 1940లో తప్పుకుంది. నేడది ఆడుతున్న ఎన్‌సీఏఏ మూడో డివిజన్‌లో ఆట కోసం ఉపకార వేతనాలు ఇవ్వరు.