కియాంటి ద్రాక్షతోటల్లో నడక: అపోహలు - వాస్తవాలు

ఇటలీలో ఫ్లోరెన్స్‌కీ సియెనాకీ నడుమ ఉన్న కొండల పేరు కియాంటి. చాలా ఏళ్ళుగా ఈ కొండల్లో చిన్న చిన్న బృందాలను నడిపిస్తున్నాను. వచ్చేముందు మనవాళ్ళు ఫోన్‌లో అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఆ ప్రశ్నలన్నిటి వెనకా ఒక ఫొటో ఉంటుంది: మెలికలు తిరిగే తెల్ల రోడ్డు, సైప్రస్ చెట్ల వరస, గట్టు మీద రాతి ఇల్లు, చుట్టూ దువ్వినట్టున్న ద్రాక్ష వరసలు. ఫొటోలో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఎండ, బురద, ట్రాక్టరు, తాళం వేసిన దుకాణం అందులో కనిపించవు.

అపోహ: "చిన్న కొండలే కదండీ, షికారులాగా తిరిగి రావచ్చు."

కియాంటిలో ఎత్తైన కొండ మోంటె సాన్ మికేలె. ఎత్తు 892 మీటర్లు. ఈ అంకె చూడగానే అందరికీ ధీమా వచ్చేస్తుంది. ఇక్కడ కాళ్ళు లాగేది ఎత్తు వల్ల కాదు, ఎక్కి దిగడం వల్ల. ఊళ్ళన్నీ గట్ల మీద ఉంటాయి, వాగులు లోయల్లో. రాద్దా అనే ఊళ్ళో నిలబడితే ఎదురు గట్టు మీద వోల్పాయా కనిపిస్తూనే ఉంటుంది. చెయ్యి చాస్తే అందేలా ఉంటుంది కానీ, మధ్యలో పేసా నది లోయలోకి పూర్తిగా దిగి, మళ్ళీ పూర్తిగా ఎక్కాలి. ఇలాంటి దిగుళ్ళూ ఎగుళ్ళూ రోజుకు మూడు పడితే మొత్తం ఎక్కుడు సులువుగా 600 మీటర్లు దాటుతుంది.

నేను లెక్క కట్టేది పాత పద్ధతిలోనే. నేస్మిత్ అనే స్కాట్లండ్ కొండలాయన 1892లో చెప్పిన సూత్రం అది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. 15 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు అంటే ఆగకుండా నడిస్తే నాలుగు గంటలు. ఫొటోలు, నీళ్ళు, చెప్పుల్లో రాళ్ళు దులుపుకోవడం కలిపితే ఆరు.

ఇక కాలి కింద. ఇక్కడి నేలలో గలెస్ట్రో అని ఒక రాయి ఉంటుంది. పొరలు పొరలుగా పగిలిపోతుంది. వాలులో దాని మీద అడుగు వేస్తే విరిగిన పెంకుల కుప్ప మీద నడిచినట్టే జారుతుంది. వాన పడితే కథ వేరు. ఒకసారి నేనే, రాత్రి వాన కురిసిందని తెలిసీ, పొద్దున్నే బంకమట్టి దారి ఎంచుకున్నాను. అరగంటలో ఒక్కో బూటుకీ కిలో మట్టి. ఒకావిడ తెల్ల కాన్వాస్ బూట్లతో వచ్చారు. ఆ బూట్లు మళ్ళీ తెల్లబడలేదు, ఆవిడ నాతో మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. తప్పు నాదే. వాన పడిన మర్నాడు రాళ్ళు పరిచిన తెల్ల రోడ్లే మేలు. అడుగున గాట్లున్న బూట్లు, ఒక చేతికర్ర ఉంటే చాలు, ఖరీదైన ట్రెక్కింగ్ సామాను అవసరం లేదు.

అపోహ: "ఈ తోటలు, ఈ దృశ్యం వందల ఏళ్ళుగా ఇలాగే ఉన్నాయి."

నాకు చెప్పడం బాగా ఇష్టమైన విషయం ఇదే, అందుకే కాస్త పొడుగవుతుంది.

ఇక్కడ వైన్ పాతదే. 1716లో, కియాంటి ఉన్న ఈ టస్కనీ ప్రాంతాన్ని ఏలిన మెడిచి వంశపు గ్రాండ్ డ్యూక్ మూడో కోసిమో ఒక శాసనం వేసి, ఏ ప్రాంతాల వైన్‌ని ఏ పేరుతో అమ్మాలో హద్దులు గీశాడు. ఆ నాలుగు ప్రాంతాల్లో కియాంటి ఒకటి. కానీ ఇప్పుడు మీరు చూసే నున్నటి వరసలు ఆనాటివి కావు. చాలావరకు 1960ల తర్వాతవే.

అంతకుముందు ఇక్కడ నడిచింది సగపాలు సేద్యం. ఇటాలియన్‌లో మెద్జాద్రియా అంటారు. భూమి, ఇల్లు దొరవి, చాకిరీ రైతు కుటుంబానిది, పంట చెరి సగం. ఒక కుటుంబం సాగు చేసే పొలాన్ని పొదేరె అనేవారు. పొదేరెలో అన్నీ ఉండాలి కాబట్టి ఒకే చెక్కలో గోధుమ, ఆలివ్, ద్రాక్ష కలిసి ఉండేవి. ద్రాక్షకు ఇనుప తీగ, స్తంభాలు ఎక్కడివి? మేపుల్ చెట్ల మీదికి పాకించేవారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కుర్రాళ్ళు ఫ్యాక్టరీల కోసం పట్నాలకు వెళ్ళిపోయారు. ఇళ్ళు పాడుబడ్డాయి. 1964లో కొత్త సగపాలు ఒప్పందాలను చట్టం నిషేధించింది. మనుషులు లేని చోటికి ట్రాక్టర్లు వచ్చాయి. ట్రాక్టరు తిరగాలంటే అడ్డంగా ఉన్న రాతి గట్లు పోవాలి, చెట్లు పోవాలి, వరసలు తిన్నగా ఉండాలి. అలా వచ్చిందే ఈ దువ్విన తల.

మొక్కలు కూడా అంతే. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఫిలాక్సెరా అనే పేనులాంటి పురుగు అమెరికా నుంచి యూరప్‌కు వచ్చి, ద్రాక్ష వేళ్ళను తినేసింది. దానికి దొరికిన విరుగుడు, ఆ పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేరు మీద ఇక్కడి కొమ్మను అంటు కట్టడం. కాబట్టి పైన సాన్‌జోవేజే అనే ఇక్కడి ద్రాక్ష, నేలలో అమెరికా.

ఆలివ్ చెట్ల దగ్గర ఒక్క నిమిషం వంగి మొదలు చూడండి. చాలా చెట్లకు ఒక్క మాను ఉండదు. పాత మొద్దు చుట్టూ మూడు నాలుగు సన్నటి మానులు లేచి ఉంటాయి. 1985 జనవరిలో వచ్చిన చలికి టస్కనీలో ఆలివ్ చెట్లు నిలువునా ఎండిపోయాయి. రైతులు నేల దాకా కొట్టేస్తే, వేళ్ళు బతికే ఉండి పిలకలు వేశాయి. మీరు చూస్తున్నది ఆ పిలకల్ని. మొద్దు తాతది, మాను మనవడిది.

అపోహ: "అవన్నీ రాజుల కోటలు."

కాస్తెల్లో (కోట) అన్న బోర్డు చూసి రాజదర్బారు ఊహించుకోకండి. ఫ్లోరెన్స్, సియెనా శతాబ్దాల పాటు కొట్టుకున్న సరిహద్దు ఇది. చాలా కాస్తెల్లోలు కాపలా కోసం కట్టినవి. తర్వాత భూస్వాముల ఇళ్ళయ్యాయి. విల్లా అంటే దొరల ఇల్లు. ఫత్తోరియా అంటే చుట్టూ ఉన్న పొదేరెలన్నిటి లెక్కలూ, గింజలూ, పీపాలూ చేరే కేంద్రం. మెట్లు బయటినుంచి ఉండి, కింద పశువుల కొట్టం, పైన వంటిల్లు, నడినెత్తిన పావురాల గూడు ఉంటే అది రైతు ఇల్లు. ఇప్పుడు ఆ కొట్టంలోనే ఏసీ గది, ముందు ఈతకొలను.

అన్నిటికన్నా ఎక్కువ మంది పొరబడేది బ్రోలియో దగ్గర. 1141 నుంచి రికాసోలి కుటుంబం చేతిలో ఉన్న ఎస్టేటు. ఎర్ర ఇటుకతో నిలబడ్డ భవనాన్ని చూసి "ఎంత పాతదో" అంటారు. నిజానికి పాతది చుట్టూ ఉన్న కోట గోడ. ఎర్ర భవనం పందొమ్మిదో శతాబ్దంలో, పాతకాలపు పోకడలో కావాలని కట్టించినది. కట్టించిన బెత్తీనో రికాసోలి ఐక్య ఇటలీకి రెండో ప్రధానమంత్రి. కియాంటి వైన్‌లో సాన్‌జోవేజే ముఖ్యంగా ఉండాలని 1872లో ఒక ఉత్తరంలో రాసింది కూడా ఆయనే. ఈ కొండల వైన్‌ను ఇప్పుడు కియాంటి క్లాసికో అంటారు, దాని నియమం ప్రకారం ఆ ద్రాక్ష కనీసం 80 శాతం ఉండాలి.

కోల్తిబువోనో అయితే అసలు కోటే కాదు, మఠం. నెపోలియన్ కాలంలో, 1810లో, సన్యాసులను పంపేశారు. వోల్పాయాలో ఇంకా తమాషా: ఊరే ఒక సెల్లార్, అంటే వైన్ నిల్వచేసే చోటు. వీధుల కింద వేసిన గొట్టాల్లో వైన్ ఒక భవనం నుంచి ఇంకో భవనానికి పోతుంది. మీరు బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే, కాళ్ళ కిందే అది పారుతూ ఉండవచ్చు.

అపోహ: "ప్రైవేటు అని బోర్డు ఉంటే వెనక్కి రావాల్సిందే."

బోర్డు మీద ఏముందో చదవాలి. దివియేతో ది కాచ్చా అంటే వేట నిషేధం, నడక కాదు. పాస్సో కర్రాబిలె అంటే గేటుకు అడ్డంగా బండి పెట్టొద్దని. స్త్రాదా వీచినాలె అనే రోడ్లు పొలాల వాళ్ళ మధ్య ఉన్న దారులు, వాటిలో జనం నడిచే హక్కు ఉన్నవి చాలా ఉన్నాయి. ఎరుపు-తెలుపు పట్టీల గుర్తు కనిపిస్తే అది నడక దారి. ప్రొప్రియెతా ప్రివాతా (ప్రైవేటు ఆస్తి) అని ఉండి, గేటు మూసి ఉండి, మ్యాపులో దారి లేకపోతే మాత్రం నిజంగానే వెనక్కి రండి.

దారి మీద నడవడం వేరు, వరసల మధ్యలోకి దిగడం వేరు. వరసల్లోకి దిగకండి. అడవిపందులు, జింకలు రాకుండా తోటల చుట్టూ కరెంటు తీగ ఉంటుంది. దారి తోటలోంచే పోయే చోట ప్లాస్టిక్ పిడి పట్టుకుని తీగ కొక్కెం తీసి, దాటాక మళ్ళీ తగిలించాలి. బృందంలో చివరివాళ్ళు మర్చిపోతారు, ఎప్పుడూ చివరివాళ్ళే. ఒక్క రాత్రి కొక్కెం ఊడి ఉంటే పందుల మంద ఎన్ని వరసలు తినేస్తుందో ఇక్కడి రైతును అడిగితే చెబుతాడు, అంత మర్యాదగా చెప్పడు.

అపోహ: "ఒక గుత్తి కోసుకుంటే ఏం పోతుంది?"

ఆకుల మీద లేత నీలం మరకలు చూశారా? మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం అలాగే ఉంటుంది. దీని పుట్టుక కథ సరిగ్గా ఈ ప్రశ్నకు జవాబే. ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర దారిన పోయేవాళ్ళు గుత్తులు కోసుకుపోతున్నారని, రైతులు రోడ్డు పక్క వరసల మీద ఈ నీలం మందు చల్లేవారు. చూడ్డానికి విషంలా, నోటికి చేదుగా ఉండాలని. 1880లలో మిలార్దే అనే శాస్త్రవేత్త, మందు పడ్డ వరసలకే బూజు తెగులు రాలేదని గమనించాడు. దొంగల కోసం చల్లింది మందయింది. అంటే తోవ పక్క గుత్తి మీద ఆశ ఈనాటిది కాదు, దాని మీద మందు కూడా ఈనాటిది కాదు. కడగకుండా నోట్లో వేసుకోకండి, అసలు కోయకండి. రుచి కూడా మీరనుకున్నట్టు ఉండదు: చిన్న పండు, మందం తోలు, నోటి నిండా గింజలు.

అపోహ: "వరస చివర గులాబీ మొక్క తెగులును ముందే పసిగడుతుంది."

గైడ్లు ఇష్టంగా చెప్పే కథ. నేనూ మొదట్లో చెప్పాను. గులాబీకి వచ్చే బూడిద తెగులు శిలీంధ్రం వేరు, ద్రాక్షకు వచ్చేది వేరు. రెండింటికీ నచ్చే వాతావరణం దాదాపు ఒకటే కాబట్టి పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ ఇప్పుడు చాలా చోట్ల ఆ మొక్క ఉన్నది అందం కోసం.

అపోహ: "అడుగడుక్కీ ఎస్టేట్లే, తిండికీ నీళ్ళకీ టెన్షన్ ఎందుకు?"

ఎస్టేటు అంటే హోటల్ కాదు. చాలావాటికి ముందుగా బుకింగ్ ఉండాలి. ఊళ్ళో కిరాణా కొట్టు మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో మూసేస్తే మళ్ళీ నాలుగో ఐదో అయ్యాకే. ఆదివారం సంగతి చెప్పక్కర్లేదు. ఆగస్టు 15, ఫెర్రగోస్తో పండగ చుట్టూ వారం కూడా అంతే. తలుపు మీద కియూజో (మూసి ఉంది) అని చీటీ చూసి కూలబడ్డ బృందాలు నాకు తెలుసు. రొట్టె, చీజ్, పండ్లు పొద్దున్నే కొనుక్కోండి. వేసవిలో మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తక్కువ కాదు, ఎందుకంటే ద్రాక్ష వరసల్లో నీడ ఉండదు. ఊరి కుళాయి మీద నోన్ పొతాబిలె అని ఉంటే ఆ నీళ్ళు తాగేవి కావు. ఇంకో మాట: ఈ కొండ ఊళ్ళకు రైలు లేదు. సాయంత్రం బస్సు తప్పితే ఆ రాత్రి అక్కడే.

అపోహ: "మేం తాగం, మాకక్కడ ఏం పని?"

తాగనివాళ్ళే నాతో బాగా నడుస్తారు. సెల్లార్ చూడటానికి, ఓక్ పీపాల వాసన పీల్చడానికి, రొట్టె మీద కొత్త ఆలివ్ నూనె పోసుకుని తినడానికి గ్లాసు పట్టనక్కర్లేదు. నవంబర్ నూనె పచ్చగా ఉండి, గొంతులో మిరియంలా మండుతుంది. తాగేవాళ్ళకు చెప్పేది వేరు: ఇవి 13, 14 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్లు. ఎండలో నాలుగు రకాలు రుచి చూసి గలెస్ట్రో వాలు దిగడం మంచిది కాదు. పక్కన పెట్టే చిన్న పాత్ర ఉమ్మేయడానికే, అందులో మొహమాటం లేదు. రుచి చూడటాన్ని నేను నడక చివరికే పెడతాను.

అపోహ: "కోతల కాలంలోనే వెళ్ళాలి."

సెప్టెంబర్ రెండో సగం, అక్టోబర్ మొదలు అందంగానే ఉంటాయి. కానీ అది వాళ్ళకు పీకల దాకా పని ఉన్న సమయం. ఇరుకు రోడ్డు మీద గుత్తులు నింపుకున్న ట్రాలీ వస్తే పక్కకు తప్పుకోవాల్సింది మీరే. ఏప్రిల్ చివర, మే నెలల్లో లేత చిగుళ్ళు, పొలం గట్ల మీద ఎర్ర పాపీలు, చల్లటి పొద్దులు. నా ఓటు మేకి.

పైగా సెప్టెంబర్ మూడో ఆదివారం వేట మొదలై జనవరి 31 దాకా ఉంటుంది. ఇటలీ చట్టంలో ఒక విచిత్రం: కంచె లేని పొలంలోకి వేటగాడు వస్తే, పంటకు నష్టం కలిగే చోట తప్ప, యజమాని కూడా ఆపలేడు. శరదృతువు చివర్లో కుక్కలతో గుంపుగా అడవిపందుల వేట సాగుతుంది. దారి మొదట్లో బత్తూతా (గుంపు వేట) అన్న బోర్డు కనిపించినా, నారింజ రంగు జాకెట్లు వరసగా నిలబడి ఉన్నా ఆ అడవిలోకి పోవద్దు. వాళ్ళనే అడగండి, ఎటు వెళ్ళాలో చెబుతారు. మంగళ, శుక్రవారాలు వేటకు సెలవు. అందుకే నవంబర్‌లో వచ్చే బృందాలకు అడవి దారులన్నీ ఆ రెండు రోజుల్లోనే పెడతాను. మిగతా రోజుల్లో తెల్ల రోడ్లే, అదీ మెరిసే పసుపు రంగు చొక్కా వేసుకుని.