ధర రాస్తే కొనేవాళ్ళు పారిపోతారా? వ్యాపార బ్లాగులపై అపోహలు - వాస్తవాలు

చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లకు వ్యాసాలు రాయడం నా వృత్తి. చీరల దుకాణాలు, పచ్చళ్ళ తయారీదారులు, మొక్కల నర్సరీలు, పళ్ళ డాక్టర్లు... ఎవరి దగ్గరికి వెళ్ళినా మొదటి గంటలో వినిపించే మాటలు దాదాపు ఒకటే. వాటిలో కొన్ని ఒకప్పుడు నిజం, కొన్ని ఎప్పుడూ నిజం కావు. ఆ మాటలు నమ్మి, చేతిలో మంచి సరుకు ఉన్నవాళ్ళు కూడా ఎవరూ చదవని పేజీలకు డబ్బు పోస్తున్నారు. అది చూసి ఊరుకోలేక ఇది రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా చేనేత చీరల నుంచే ఇస్తాను. పోచంపల్లి ఇక్కత్ అమ్మేవాళ్ళకు చాలాకాలంగా రాస్తున్నాను కాబట్టి ఆ సరుకు మీద కాస్త నమ్మకంగా మాట్లాడగలను.

అపోహ: బ్లాగు అంటే మన ఘనత చెప్పుకునే చోటు

దుకాణాల బ్లాగుల్లో మొదటి వ్యాసం చాలాచోట్ల ఒకే అచ్చులో పోసినట్టు ఉంటుంది. "భారతీయ సంస్కృతిలో చీరకు విశిష్ట స్థానం ఉంది" అని మొదలవుతుంది. తరతరాల వారసత్వం మీదుగా సాగి, "ఒక్కసారి మా దుకాణానికి విచ్చేయండి" అని ముగుస్తుంది. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ చీర కొనాలని ఫోను పట్టుకుని వెతుకుతున్న మనిషికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. చీరకు విశిష్ట స్థానం ఉందని ఆమెకు తెలుసు, అందుకే కొనాలనుకుంటోంది. ఆమెకు తేలనిది వేరే ఉంది: తనకు చూపించిన రెండు చీరల్లో ఏది నేసిన ఇక్కత్, ఏది ఆ డిజైన్‌ను అచ్చు వేసిన బట్ట?

ఆ అనుమానం తీర్చే వ్యాసం ఇలా మొదలవుతుంది: "చీరను తిరగేసి చూడండి. ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు. రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. అచ్చు వేసిన బట్ట లోపలి వైపు సాధారణంగా వెలిసినట్టు ఉంటుంది. తర్వాత డిజైన్ అంచులు చూడండి. ఇక్కత్‌లో గీత కొసలు కొద్దిగా అలుక్కున్నట్టు ఉంటాయి. అది లోపం కాదు, ఆ పద్ధతికి గుర్తు."

ఇది చదివిన మనిషి ఆ దుకాణంలో కొన్నా కొనకపోయినా, వెంటనే బీరువా తెరిచి తన చీరను తిరగేసి చూస్తుంది. ఆ క్షణం నుంచి ఆమెకు ఆ దుకాణం మీద గురి కుదురుతుంది.

ఇలాంటి విషయాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతుంటారు. మీ గల్లా పెట్టె పక్కనే దొరుకుతాయి. నేను పని ఒప్పుకున్న ప్రతి దుకాణంలో మొదట ఒక నోటు పుస్తకం పెట్టిస్తాను. వచ్చినవాళ్ళు అడిగిన ప్రశ్నలను, వాళ్ళు అన్న మాటల్లోనే, సేల్స్‌లో ఉన్న పిల్లలు అందులో రాయాలి. "రంగు దిగదు కదండీ?", "ఇది అసలు పట్టేనా?", "ఇంట్లో ఉతుక్కోవచ్చా?", "ఫొటోలో ఉన్న రంగే వస్తుందా బాబూ?", "ఇలాంటిదే పక్క వీధిలో సగం ధరకు ఇస్తున్నారు, ఎందుకు?" అక్కడ మాటలను దిద్దకూడదు. జనం గూగుల్‌లో టైపు చేసేది కూడా దాదాపు ఆ మాటలే. వాట్సాప్‌లో పాత సంభాషణలు వెతికినా ఇవే బయటపడతాయి. నెల తిరిగేసరికి ఏడాదికి సరిపడా విషయాలు చేతికొస్తాయి.

అపోహ: ధర రాస్తే కొనేవాళ్ళు బెదిరిపోతారు, పోటీదారుకు గుట్టు తెలిసిపోతుంది

యజమానులతో నేను ఎక్కువ సేపు వాదించేది దీని మీదే. పోటీదారుకు మీ ధర ఇప్పటికే తెలుసు, ఎవరినో పంపించి కనుక్కునే ఉంటాడు. తెలియనిది కొనేవాళ్ళకే. ధర కనపడకపోతే వాళ్ళు ఫోను చేసి అడుగుతారని మీరు అనుకుంటున్నారు. ఎక్కువ మంది అడగరు, ధర రాసిన ఇంకో పేజీకి వెళ్ళిపోతారు.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో ఈత కొలనులు కట్టే ఒక కంపెనీ 2008 ఆర్థిక మాంద్యంలో దాదాపు మూతపడే స్థితికి వచ్చింది. దాని భాగస్వాముల్లో ఒకరైన మార్కస్ షెరిడాన్, కస్టమర్లు తమను అడుగుతూ వచ్చిన ప్రశ్నలన్నిటికీ వెబ్‌సైట్‌లో జవాబులు రాయడం మొదలుపెట్టారు. ఫైబర్‌గ్లాస్ కొలనుకు ఎంత ఖర్చవుతుంది అన్నది వాటిలో ఒకటి. అప్పట్లో ఆ రంగంలో ఎవరూ బయటికి చెప్పని సంగతి అది. తాము అమ్మే ఫైబర్‌గ్లాస్ కొలనుల్లో ఉన్న ఇబ్బందులను కూడా ఆయన దాచలేదు. కంపెనీ నిలదొక్కుకుంది. ఆయన తర్వాత ఇదే పద్ధతిని ఇతర వ్యాపారాలకు నేర్పే పనిలో స్థిరపడ్డారు.

మన చీరల సంగతికి వస్తే, ఒకే ధర చెప్పలేమని యజమానులు అంటారు. నిజమే, చెప్పనక్కర్లేదు. ఎంత నుంచి ఎంత వరకు ఉంటుందో చెప్పి, ఆ తేడా ఎందుకు వస్తుందో వివరించండి. అసలు వ్యాసం అక్కడే ఉంది. పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డ దారాలు)... వీటిలో ఒకదానికే కట్లు కట్టి రంగు వేస్తే ఒక లెక్క. రెండింటికీ కట్టి, నేసేటప్పుడు పడుగు మీది డిజైన్, పేక మీది డిజైన్ సరిగ్గా ఒకదానిపై ఒకటి కూర్చునేలా నేస్తే ఆ చీర ధర వేరే లెక్క. దారం కొద్దిగా జరిగినా బొమ్మ చెదిరిపోతుంది. అంతకంటే ముందు ఆసు పోయడం అనే పని ఉంది. నూలును కొక్కేల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ, ఒక్క చీరకు చేతిని వేల సార్లు ఆడించాలి. ఇది ఎక్కువగా ఆడవాళ్ళ పని. తల్లి పడే భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆ పనికి యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇదంతా చదివాక పక్క వీధిలో సగం ధర ఎందుకో కొనేవాళ్ళకే అర్థమవుతుంది. మీరు పోటీదారును ఒక్క మాట అనక్కర్లేదు.

లోపాలు రాయడం గురించి కూడా ఇదే చెబుతాను. ముదురు రంగు నూలు చీర మొదటి ఉతుకులో కొంత రంగు వదలవచ్చు, విడిగా చల్లటి నీళ్ళలో ఉతికి నీడలో ఆరేయండి అని ముందే రాసిన దుకాణానికి, తర్వాత వచ్చే తిట్లు తగ్గుతాయి. పట్టు విషయంలో ఒక సంగతి తప్పక రాయమంటాను. 2004లో కేంద్ర పట్టు మండలి చొరవతో మొదలైన సిల్క్ మార్క్ ఆ దారం స్వచ్ఛమైన పట్టు అని చెబుతుంది. అది చేతిమగ్గం మీద నేసిందా, మరమగ్గం మీద నేసిందా అన్నది చెప్పదు. అందుకు 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది. ఈ రెండింటి తేడా తెలియక మోసపోయేవాళ్ళు ఎందరో. అది విప్పి చెప్పే దుకాణాన్ని జనం మరచిపోరు.

అపోహ: రెండు వేల పదాలు ఉండాలి, కీవర్డు (జనం వెతికే మాట) ప్రతి పేరాలో పడాలి

తమకు నచ్చిన పదాల సంఖ్య అంటూ ఏదీ లేదని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసింది. పేజీ వెనక దాచి పెట్టే కీవర్డ్స్ ట్యాగును ర్యాంకింగుకు, అంటే ఫలితాల్లో ఏ పేజీ ముందు రావాలో తేల్చడానికి, వాడుకోవడం లేదని 2009లోనే ప్రకటించింది. అదే పదాన్ని పదే పదే కూరడం స్పామ్ కిందికి వస్తుంది. "హైదరాబాద్‌లో ఉత్తమ పోచంపల్లి చీరలు" అని ఒకే పేజీలో పన్నెండు సార్లు రాయించుకున్న యజమానులు దయచేసి ఆ పేజీని ఒకసారి పైకి చదవండి.

చీర ఉతకడం గురించి రెండు వందల పదాలు చాలు. ధరల తేడాకు వెయ్యి పట్టవచ్చు. ప్రశ్నకు జవాబు పూర్తయిన చోట వ్యాసం ఆపేయాలి.

అపోహ: రచయితకో ఏఐకో అప్పగిస్తే యజమాని పని అయిపోయినట్టే

ఏఐతో రాయించడం తప్పని గూగుల్ అనలేదు. ఎలా తయారైంది అన్నదాని కంటే పనికొస్తుందా లేదా అన్నదే చూస్తామని 2023లో చెప్పింది. 2024 మార్చిలో మాత్రం, ర్యాంకు కోసం కుప్పలు తెప్పలుగా పేజీలు తయారు చేసి వదిలితే, అవి మనిషి రాసినవైనా యంత్రం రాసినవైనా స్పామ్‌గానే చూస్తామని నిబంధన తెచ్చింది. అంతకుముందు 2022 డిసెంబరులో, శోధన ఫలితాల నాణ్యతను పరిశీలించేవాళ్ళకు ఇచ్చే మార్గదర్శకాల్లో స్వానుభవం అనే అంశాన్ని కొత్తగా చేర్చింది.

ఈ నిబంధనల మాట ఎలా ఉన్నా, చదివేవాళ్ళకు మాత్రం తేడా ఇట్టే తెలిసిపోతుంది. అందరికీ అందుబాటులో ఉన్న సమాచారాన్ని ఏఐ చక్కగా పేర్చి ఇస్తుంది. మీ మగ్గాల దగ్గర వానాకాలంలో రంగు ఆరడానికి ఎందుకు ఆలస్యమవుతుందో, ఏ డిజైన్ నేయడానికి నేతగాళ్ళు వెనకాడతారో దానికి తెలియదు. నాకూ తెలియదు. అది యజమాని నోటి నుంచే రావాలి. అందుకే నేను ప్రశ్నల జాబితా ముందే పంపను. ఆయన చీరలు మడత విప్పి చూపిస్తుండగా ఫోనులో రికార్డింగ్ పెట్టుకుని పక్కన కూర్చుంటాను. "ఈ చీర ఎవరికి వద్దంటారండీ?" అని అడుగుతాను. ఒక్క క్షణం ఆలోచించి, "రోజూ ఆఫీసుకు కట్టుకునేవాళ్ళకు వద్దంటాను, వాళ్ళకు ఈ బరువు కష్టం, నూలుదే ఇస్తాను" అంటారు. కూర్చుని ఆలోచిస్తే నాకు తట్టే వాక్యం కాదది. దాన్ని అలాగే వ్యాసంలో పెడతాను.

అపోహ: కొనే స్తోమత ఉన్నవాళ్ళంతా ఇంగ్లీషులోనే చదువుతారు

ఇది అందరికీ ఒకేలా వర్తించదు. వేరే రాష్ట్రాల వాళ్ళకు, ఇక్కత్ మీద ఆసక్తి ఉన్న విదేశీయులకు అమ్మేవాళ్ళు ఇంగ్లీషులో రాయాల్సిందే. కానీ పెళ్ళి చీరలు ఎంచేది చాలా ఇళ్ళలో అమ్మలు, అత్తలు, మేనత్తలు. కూతురు డాలస్‌లో ఉన్నా, నిర్ణయం నిజామాబాద్‌లోనో నెల్లూరులోనో జరుగుతుంది. ఆ లింకు కుటుంబం వాట్సాప్ గ్రూపులో తిరిగి అందరికీ చేరాలంటే తెలుగులో ఉండాలి. ఆ తెలుగు కూడా ఇంగ్లీషు పేజీని యంత్రంతో మార్చినది కాకూడదు. "మా విస్తృత శ్రేణి సేకరణను అన్వేషించండి" అనే వాక్యం చూసి ఏ అత్తగారూ చీర కొనరు.

టైపు చేసేటప్పుడు చాలామంది తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారన్నదీ నిజమే. దాని కోసం మొత్తం వ్యాసాన్ని అలా రాయనక్కర్లేదు, చదవడం కష్టం.

అపోహ: ఎక్కువ మంది చూస్తే ఎక్కువ అమ్ముడవుతాయి

చీరల దుకాణం బ్లాగులో వరలక్ష్మీ వ్రతం తేదీ, పూజా విధానం రాస్తే జనం వెల్లువలా వస్తారు. తేదీ చూసుకుని వెళ్ళిపోతారు. గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఉచితంగా దొరికే సాధనం ఉంది. ఏ మాటలు వెతికి మీ పేజీకి వచ్చారో అందులో కనిపిస్తుంది. నేను మొత్తం సంఖ్యను చివర చూస్తాను, ముందు ఆ మాటలు చదువుతాను. "ఇక్కత్ పట్టు చీర ధర" అని వెతికి వచ్చిన పది మంది, వ్రతం తేదీ కోసం వచ్చిన వేల మంది కంటే ఆ దుకాణానికి విలువైనవాళ్ళు.

ఇంకో లెక్క కూడా పెట్టండి. ఫోను చేసినవాళ్ళను "మా గురించి ఎలా తెలిసిందండీ?" అని అడిగి అదే నోటు పుస్తకంలో రాయండి.

అపోహ: రోజుకొకటి వేయాలి, నెలలో ఫలితం రావాలి

రెండూ కాదు. మార్పులు మొదలుపెట్టాక ఫలితం కనపడటానికి చాలావరకు నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగులే చెబుతోంది. నెలకు రెండు మంచి జవాబులు రాయగలిగితే రెండే రాయండి. ఈలోగా అవి ఊరికే ఉండనక్కర్లేదు. వాట్సాప్‌లో "పట్టు అసలుదేనా?" అని అడిగిన ప్రతి ఒక్కరికీ అదే వివరణ టైపు చేసే బదులు ఆ వ్యాసం లింకు పంపండి. గూగుల్‌లో పైకి రాకముందే దానితో పని జరుగుతుంది. రీళ్ళు (చిన్న వీడియోలు) చేయవద్దని నేను అనను. కాకపోతే రీలు కొన్నాళ్ళకు కిందికి జారిపోతుంది, జవాబు రాసిన పేజీ వెతికినప్పుడల్లా దొరుకుతుంది.

అపోహ: ఒకసారి వేశాక ఇక ముట్టుకోకూడదు

పట్టు ధర పెరిగి మీ చీరల ధర మారినా వ్యాసంలో పాత అంకెలే ఉంటే, దుకాణానికి వచ్చి గొడవపడే హక్కు కొనేవాళ్ళకు ఉంది. ధరలు రాసిన పేజీలను దసరాకు ముందు ఒకసారి, పెళ్ళిళ్ళ కాలానికి ముందు ఒకసారి తెరిచి సరిచేయండి. సరిచేసిన తేదీని పైన రాయండి. పేజీ చిరునామా మాత్రం మార్చకండి, ఇన్నాళ్ళూ మీరు వాట్సాప్‌లో పంపిన లింకులన్నీ ఆ చిరునామాకే వెళ్తాయి.