రెండో అక్షరం చేసే పని

చెన్నైలో ఏదైనా పార్టీ మీటింగ్ దగ్గర కాసేపు నిలబడితే, తమిళం అంతగా రానివాళ్లకు కూడా ఒక సంగతి తెలిసిపోతుంది. వక్త అర్థాలనే కాదు, అక్షరాలనూ జత చేస్తూ పోతుంటాడు. డీఎంకే స్థాపకుడు అన్నాదురై తన పార్టీవాళ్లకు ఇచ్చిన నినాదం 'కడమై, కణ్ణియం, కట్టుప్పాడు'. కర్తవ్యం, హుందాతనం, క్రమశిక్షణ అని దాని అర్థం. మూడూ 'క'తోనే మొదలవుతాయి. ఇలా మొదటి అక్షరాలు కలవడాన్ని తమిళులు మోనై అంటారు, అది మన యతికి దగ్గరి చుట్టం. రెండో అక్షరం కలిస్తే ఎదుగై. అదే మన ప్రాస.

ప్రాస అనగానే ఇప్పుడు చాలామందికి పాటలో చరణాల చివర కలిసే మాటలే గుర్తొస్తాయి. అది అంత్యప్రాస. పద్యంలో ప్రాస అంటే ప్రతి పాదంలోనూ రెండో అక్షరంగా ఒకే హల్లు రావడం. అచ్చు మారినా ఫర్వాలేదు. తమిళం, తెలుగు, కన్నడం మూడూ ఈ రెండో అక్షరాన్నే పట్టుకున్నాయి. పద్యం దాకా పోనక్కర్లేదు. 'నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది'లో నోరు, ఊరు చూడండి. 'మాటలు కోటలు దాటుతాయి'లో మూడు మాటలకూ రెండో చోట టకారమే. ఛందస్సు పేరే వినని మన అమ్మమ్మలు వీటిని తరతరాలుగా తడబడకుండా అందించారు.

ఎలా నిలిచాయి? మన మెదడు విన్న మాటను కాసేపు శబ్దంగానే పట్టి ఉంచుతుంది. దాదాపు రెండు సెకన్లలో పలకగలిగినంత మేరకే ఆ పట్టు ఉంటుందని 1975లో బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ బ్యాడ్లీ బృందం చూపించింది. మన సామెతల్లో చాలావరకు ఆ కొలతలో ఇమిడిపోతాయి. గుర్తు తెచ్చుకునేటప్పుడు ప్రాస చేసే సాయం ఇంకా పెద్దది. ఒక కూరగాయ పేరు చెప్పమంటే వంకాయ అంటారు, బెండకాయ అంటారు. రెండో అక్షరంలో 'ట్ల' ఒత్తు ఉన్న మాట చెప్పమంటే మెట్లు, తిట్లు, కట్లపాము అంటారు. రెండూ కలిపి అడగండి, పొట్లకాయ ఒక్కటే మిగులుతుంది. డేవిడ్ రూబిన్, వాండా వాలెస్ 1989లో ఇంగ్లీషు మాటలతో ఇలాంటి పరీక్షే చేశారు. అర్థం ఒక్కటే చెబితే తట్టని మాట, ప్రాస ఒక్కటే చెబితే తట్టని మాట, రెండూ చెప్పేసరికి ఇట్టే తట్టింది.

చెన్నైలో తరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలకు మాట వచ్చు, లిపి రాదు. చదవడం రాదు కాబట్టి సాహిత్యం అందదని పెద్దలు వదిలేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. ఈ సాహిత్యంలో సగం చెవి కోసం పుట్టిందే కదా. పోతన గజేంద్రమోక్షం పద్యం ఒకటి వాళ్లకు పైకి చదివి వినిపించండి. విష్ణువు చెప్పాపెట్టకుండా బయల్దేరాడు, లక్ష్మి పైటకొంగు ఆయన చేతిలోనే ఉంది, అడుగుదామా వద్దా అని ఆమె తటపటాయిస్తోంది:

అడిగెద నని కడువడి జను
నడిగిన దను మగుడ నుడువడని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

నాలుగు పాదాల్లో 23 డకారాలు. 'డ' పలకాలంటే నాలుక వెనక్కి మడిచి అంగిలికి తాకించి వెంటనే వదలాలి. వెయ్యబోయి ఆగిపోయే అడుగులాగే ఉంటుంది ఆ కదలిక. పైగా రెండో, నాలుగో పాదాల చివర తప్ప పద్యమంతా లఘువులే, అంటే పొట్టిగా పలికే అక్షరాలే, చిన్న చిన్న అడుగులే. ఒకే హల్లు మళ్లీ మళ్లీ వస్తే వృత్త్యనుప్రాస అని నిర్వచనం రాయించి రెండు మార్కులు వేసే ముందు, పిల్లల చేత దీన్ని నాలుగుసార్లు పైకి చదివించాలి. అర్థం సగం నోటికే తెలిసిపోతుంది.

శబ్దమే కాదు, వాక్యం కట్టిన తీరు కూడా జ్ఞాపకానికి పనికొస్తుంది. 'ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత'లో చట్రం ఒకటే, లోపలి మాటలే మారాయి. కాబట్టి చెవి తేడా మీదే నిలుస్తుంది. తమిళంలో అమ్మవారి స్తోత్రం అభిరామి అందాది వంద పద్యాలు. ఒక పద్యం ముగిసిన మాటతోనే తర్వాతిది మొదలవుతుంది కాబట్టి, పారాయణ చేసేవాళ్లకు వరస తప్పదు. మన ముక్తపదగ్రస్తం పనీ ఇదే.

అయితే చెవికి ఇంపుగా ఉన్నదాన్ని మనసు నిజమనీ నమ్మేస్తుంది. మాథ్యూ మెక్‌గ్లోన్, జెస్సికా తొఫీగ్‌బఖ్ష్ 2000లో వేసిన వ్యాసంలో ఇది తేలింది. ఒకే భావాన్ని ప్రాసతో చెప్పినప్పుడు, ప్రాస లేకుండా చెప్పినప్పటికంటే జనం ఎక్కువ నిజమనుకున్నారు. మాట తీరును, విషయాన్ని విడిగా చూడమని ముందే హెచ్చరిస్తే ఆ ప్రభావం తగ్గింది. మళ్లీ మళ్లీ వినడం కూడా అంతే. పదేపదే విన్న వాక్యం నిజమైనా అబద్ధమైనా, దాని మీద నమ్మకం పెరుగుతుందని 1977లోనే లిన్ హాషర్ బృందం గమనించింది. ఎన్నికల నినాదాలు, వాట్సాప్ ఫార్వర్డ్‌లు వినేటప్పుడు ఇది గుర్తుండాలి.

సామెతలకూ ఈ పరీక్ష పెట్టి చూడాలి. 'మొక్కై వంగనిది మానై వంగునా'లో మొక్కై, మానై కలిశాయి, 'వంగ' రెండుసార్లు వచ్చింది, చివర జవాబు అక్కర్లేని ప్రశ్న. ఎదురు చెప్పాలనే అనిపించదు. ఆ హంగులన్నీ తీసేస్తే మిగిలేది: చిన్నప్పుడు నేర్చుకోనిది పెద్దయ్యాక నేర్చుకోలేం. నలభై దాటాక ఉద్యోగానికి చెన్నై వచ్చి, తమిళం నేర్చుకుని ఆటోవాళ్లతో బేరమాడుతున్న తెలుగువాళ్లను అడగండి, ఇది ఎంతవరకు నిజమో.