నొప్పి పోయింది సరే, నడక ఎంత వచ్చింది?

తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవాళ్లను కొన్ని వారాల తర్వాత ఎలా ఉందని అడిగితే, ముందుగా నొప్పి తగ్గిందనే చెబుతారు చాలామంది. ఏళ్ల తరబడి వేధించిన నొప్పి పోతే నడక కూడా బాగుపడినట్టే అనిపిస్తుంది. కానీ స్టాప్‌వాచ్ పట్టుకుని చూస్తే, ఆ తొలి వారాల్లో ఆపరేషన్‌కు ముందుకన్నా నెమ్మదిగా నడిచేవాళ్లే ఎక్కువ. అందుకే మనిషి చెప్పిందీ వినాలి, నడకనూ విడిగా కొలవాలి.

తుంటి ఎంత బాగుందో మార్కుల్లో చెప్పడానికి అమెరికా సర్జన్ విలియం హారిస్ 1969లో ఇచ్చిన స్కోరులో మొత్తం 100 మార్కులు. నొప్పికే 44. కుంటు, ఊతం, నడవగలిగే దూరం, వీటికి తలా 11. ఇది డాక్టరు వేసే స్కోరు. 1996లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ స్కోరు రోగే నింపే 12 ప్రశ్నల పత్రం. రెండూ ఉపయోగమే. కాకపోతే బాగా కోలుకున్నవాళ్లంతా పైమార్కుల దగ్గర గుమిగూడిపోతారు. వాళ్లలో ఎవరి నడకలో ఏ లోపం మిగిలిందో ఆ అంకె చెప్పదు.

అక్కడ నడిపించి చూడాల్సిందే. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసేది ఒక పరీక్ష. 6 నిమిషాల్లో ఎంత దూరం నడిచారో చూసేది మరొకటి. మొదటిది లేవడం, తిరగడంలోని తడబాటును పట్టిస్తుంది, రెండోది ఓపికను.

అయినా ఇవి చివరికి చెప్పేది వేగాన్నే. వేగంగా నడుస్తూనే కుంటేవాళ్లు ఉంటారు. నా దృష్టిలో అసలు చూడాల్సింది ఇక్కడే ఉంది. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు కాసేపు ఒంటికాలి మీదే నిలుస్తాం. అప్పుడు రెండోవైపు కటి, అంటే నడుము కింది ఎముకల గూడు, కిందికి జారకుండా పట్టి ఉంచేవి తుంటి పక్కనున్న కండరాలు. ఒక చేయి పొట్టిగా ఉన్న తక్కెడలో ఆ పొట్టి వైపున ఉన్నట్టు అవి కీలుకు దగ్గరగా ఉంటాయి, శరీర బరువేమో దూరంగా. కాబట్టి అవి చాలా గట్టిగా లాగాలి. ఆ లాగుడూ బరువూ కలిసి, మామూలు నడకలోనే కీలు మీద శరీర బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. ఆ కండరాలు బలహీనపడితే కటి జారుతుంది, లేదా మనిషి ఆపరేషన్ అయిన వైపుకు ఒరుగుతాడు. దీన్ని జర్మన్ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లోనే వివరించాడు. చేతికర్రను ఆపరేషన్ కానివైపు చేత్తో పట్టమనేదీ ఇందుకే: ఆ వైపు కర్ర కాస్త మోస్తే కండరాలకు శ్రమ తగ్గుతుంది.

కంటికి అందని తేడాలకు ఇప్పుడు పరికరాలున్నాయి. నేలలో అమర్చిన పలకలు ఏ కాలు ఎంత బరువు మోస్తోందో చెబుతాయి. నడుముకు కట్టే చిన్న సెన్సర్లు అడుగుల లయను నమోదు చేస్తాయి. వీటిని ఇంట్లోనూ పెట్టుకోవచ్చు, అది పెద్ద లాభం. డాక్టరు చూస్తున్నారంటే ఎవరైనా జాగ్రత్తగానే నడుస్తారు మరి.

అయితే ఎంత మంచి పరికరమైనా ఒక్కరోజు అంకెతో కోలుకోవడాన్ని చెప్పలేదు. ఆపరేషన్‌కు ముందోసారి, ఆ తర్వాత 6 వారాలకు, 3 నెలలకు, ఏడాదికి అదే పరీక్షను అదే పద్ధతిలో చేయాలి. ఆ ముందటి కొలత ఎగ్గొడితే తర్వాతి అంకెలను దేనితో పోల్చాలో తెలియదు.