పిల్లల చెవిలో హోరు: అపోహలు - వాస్తవాలు

అపోహ: చెవిలో హోరు పెద్దవాళ్ల జబ్బు.

బయట ఏ శబ్దమూ లేకున్నా చెవిలో చప్పుడు వినిపించడమే హోరు (టిన్నిటస్). ఇది పిల్లలకూ వస్తుంది. కాకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ చప్పుడు ఉంటే, అందరికీ అలాగే వినిపిస్తుందనుకుంటారు. నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు చేసే నిపుణురాలిని/నిపుణుణ్ని కాదు, ఆ పని చేసేవాళ్లలో ఒకరిని. "హోరు వస్తోందా?" అని సూటిగా అడగను, చిన్నపిల్లలు దేనికైనా తల ఊపేస్తారు. "అందరూ పడుకున్నాక నీకేమైనా వినిపిస్తుందా?" అంటే, గుయ్‌మంటుందనో ఈల వేసినట్టుందనో వాళ్లే చెబుతారు. రాత్రి నిద్ర పట్టకపోవడం, క్లాసులో ధ్యాస నిలవకపోవడం, మిక్సీ చప్పుడుకే చెవులు మూసుకోవడం ఉన్నా ఒకసారి అడిగి చూడండి.

అపోహ: హోరు వచ్చిందంటే చెవుడు వచ్చినట్టే.

కాదు. వినికిడి బాగున్న పిల్లల్లోనూ ఉంటుంది. అయితే ఆ సంగతి తేల్చాల్సింది వినికిడి పరీక్షే. పిల్లల్లో తరచూ కనిపించే కారణాల్లో ఒకటి కర్ణభేరి వెనక నీరు చేరడం. జలుబు తర్వాతో, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ లాంటి గ్రంథి) వల్లో వస్తుంది. నొప్పి ఉండకపోవచ్చు. పిలిస్తే పలకడు, టీవీ సౌండ్ పెంచుతాడు, ఇంట్లోవాళ్లు మొండి అనుకుంటారు. టింపనోమెట్రీలో, అంటే కర్ణభేరి ఎలా కదులుతుందో చూసే పరీక్షలో, నిమిషాల్లో తెలిసిపోతుంది. చాలామందికి 3 నెలల్లో ఆ నీరు దానంతటదే తగ్గుతుంది, తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్ చూస్తారు.

గుబిలి గట్టిపడటం, తలకు దెబ్బ, మైగ్రేన్ కూడా కారణం కావచ్చు. అమికాసిన్, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, క్యాన్సర్‌కి ఇచ్చే సిస్‌ప్లాటిన్ లోపలి చెవిని దెబ్బతీయగలవు. పుట్టినప్పుడు ఐసీయూలో ఉంచిన పిల్లలకు ఈ యాంటీబయాటిక్స్ ఇచ్చి ఉండొచ్చు, ఐసీయూలో ఉంచారా అని మేం అడిగేది ఇందుకే. పాత డిశ్చార్జి కాగితాలు పారేయకండి.

అపోహ: డీజే మోత విన్నాక చెవిలో వచ్చిన హోరు తెల్లారేసరికి పోయింది, ఇక ఏం కాలేదు.

చెవి తట్టుకోలేనంత మోత పడిందనడానికి అదే గుర్తు. హెడ్‌ఫోన్స్ విషయంలో పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 75 డెసిబెల్స్, వారానికి 40 గంటలు. సౌండ్ పెరిగేకొద్దీ ఆ గంటలు వేగంగా తగ్గిపోతాయి.

అపోహ: వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తే పోతుంది.

పోయకండి. కర్ణభేరికి చిల్లుంటే నేరుగా లోపలికి దిగుతుంది.

అపోహ: చదువు ఎగ్గొట్టడానికి నాటకం.

పరీక్షల టెన్షన్ హోరును ఎక్కువ చేస్తుంది, అంతమాత్రాన అది అబద్ధం కాదు. హోరును మాయం చేసే మాత్ర లేదు. కారణానికి వైద్యం, వినికిడి తగ్గితే హియరింగ్ ఎయిడ్, పడుకునేటప్పుడు హోరు మీదకు ధ్యాస పోకుండా గదిలో సన్నని శబ్దం, భయం పోయేలా నాలుగు మాటలు, అవసరమైతే కౌన్సెలింగ్. చాలామంది వీటితోనే కుదుటపడతారు.

గుండె కొట్టుకున్నట్టు లయగా వినిపించినా, ఒక్క చెవిలోనే ఉన్నా, కళ్లు తిరిగినా, చీము కారినా వెంటనే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. ఉన్నట్టుండి వినికిడి తగ్గితే మాత్రం ఆ రోజే వెళ్లండి.