కమ్యూనిటీ కాలేజీ, ఫెడరల్ ఎయిడ్: అపోహలు - వాస్తవాలు

అమెరికా కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల డిగ్రీ మధ్యలో ఆగిపోతే పిల్లల చదువునే అనుమానిస్తారు. కానీ కొన్నిసార్లు ముందు ఆగేది ఫెడరల్ ఎయిడ్, అంటే కేంద్ర ప్రభుత్వమిచ్చే చదువు సాయం. అది మార్కుల మీద ఎంత నడుస్తుందో క్రెడిట్ల (ఒక్కో కోర్సు బరువును కొలిచే యూనిట్ల) లెక్క మీదా అంతే నడుస్తుంది.

అపోహ: అమ్మానాన్నలది హెచ్-1బీ, ఫాఫ్సా (ఫెడరల్ ఎయిడ్ దరఖాస్తు) నింపడం దండగ.

చూసేది విద్యార్థి హోదాని. అమెరికా పౌరసత్వం లేదా గ్రీన్‌కార్డు ఉన్న పిల్లలు అర్హులే. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లి లేదా తండ్రి కూడా ఖాతా తెరిచి తన భాగం పూర్తి చేయొచ్చు. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబ వీసా), ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీదున్నవారికి మాత్రం ఫెడరల్ ఎయిడ్ రాదు.

అపోహ: ఇండియాలో ఆస్తులు చూపించక్కర్లేదు.

మీరుండే ఇల్లు, 401కే (రిటైర్మెంట్ ఖాతా) లెక్కలోకి రావు. హైదరాబాద్ శివార్లలో కొన్న ప్లాటు వస్తుంది. ఫారం ఆస్తులు అడిగితే, దానిమీదున్న అప్పు పోను నేటి విలువను డాలర్లలో వేయాలి.

అపోహ: సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు తీసుకుంటే ఫుల్‌టైమే కదా, రెండేళ్లలో అయిపోతుంది.

ఫుల్‌టైమ్ అన్నది ఎయిడ్ భాష. డిగ్రీకి సాధారణంగా 60 క్రెడిట్లు కావాలి. నాలుగు సెమిస్టర్లకు 12 చొప్పున 48 దగ్గరే ఆగుతారు. తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయమైన పెల్ గ్రాంట్ (2025-26లో గరిష్ఠం 7,395 డాలర్లు) 12కే పూర్తిగా వస్తుంది, 15 తీసుకున్నా పెరగదు. ఉద్యోగం చేస్తూ 15 మోయలేనివారికి వేసవి దారి ఉంది: 12, 12, వేసవిలో 6, ఏడాదికి 30. వేసవిలో అదనపు పెల్ కావాలంటే కనీసం 6 క్రెడిట్లు ఉండాలి. 3 తీసుకుని ఎందుకు రాలేదని అడిగేవాళ్లు ఎక్కువ. ఇంకో మెలిక: డిగ్రీ ప్రణాళికలో లేని కోర్సును ఈ లెక్కలో కలపరు. సరదాకి తీసుకున్న 3 క్రెడిట్లతో 12 నింపితే పెల్ 9కే వస్తుంది.

అపోహ: ఎఫ్ (ఫెయిల్) కన్నా డబ్ల్యూ (కోర్సు మధ్యలో వదిలేస్తే పడే గుర్తు) నయం, దానివల్ల నష్టమేమీ లేదు.

జీపీఏకి (సగటు గ్రేడుకి) నయమే, ఎయిడ్‌కి కాదు. శాటిస్‌ఫాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్ (ఎయిడ్ కొనసాగాలంటే చూపాల్సిన చదువు పురోగతి) కింద చాలా కాలేజీలు మూడు చూస్తాయి: 2.0 జీపీఏ, ప్రయత్నించిన క్రెడిట్లలో 67 శాతం పాసవడం, డిగ్రీకి కావాల్సినదానికి 150 శాతం మించకపోవడం (60కి 90). డబ్ల్యూ కూడా ప్రయత్నం కిందకే వస్తుంది. 15లో 6 వదిలేస్తే మిగిలింది 60 శాతం. ముందు హెచ్చరిక, తర్వాత సెమిస్టర్‌లోనూ కోలుకోకపోతే ఎయిడ్ ఆగిపోతుంది. అప్పీలుకు కష్టాలు ఏకరువు పెడితే చాలదు: ఏం జరిగింది, దాని కాగితం (ఆసుపత్రి రికార్డు, మరణ ధ్రువపత్రం), ఇప్పుడేం మారింది, ఇకపై ఏ కోర్సులు ఎప్పుడు పూర్తిచేస్తారు, ఈ నాలుగూ ఉండాలి. మూడోది రాయకుండా పంపకండి.

అపోహ: డబ్బు ఖాతాలో పడింది, ఇక నాదే.

సెమిస్టర్‌లో 60 శాతం రోజులు గడిచేదాకా కాదు. 110 రోజుల సెమిస్టర్‌లో 33వ రోజున అన్ని క్లాసులూ మానేస్తే దక్కేది 30 శాతం. మిగతాదాన్లో తన వంతు కాలేజీ వెనక్కి పంపి, ఆ బిల్లు విద్యార్థి మీద వేస్తుంది. బాకీ తీర్చేదాకా తిరిగి చేరనివ్వకపోవచ్చు. 66వ రోజు దాటాక మానేస్తే ఈ గొడవ లేదు. చెప్పకుండా మాయమై అన్నిట్లో ఎఫ్ తెచ్చుకున్నా, సగంలో మానేసినట్టే లెక్కకట్టొచ్చు.

అపోహ: ఫీజు సున్నా అయితే డిగ్రీ చేతికొచ్చినట్టే.

న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో మొదలుపెట్టిన ఏఎస్ఏపీని (కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులు డిగ్రీ పూర్తిచేసేలా తోడ్పడే పథకం) చూడండి. ఫీజులో మిగిలిన భాగం, పుస్తకాలు, మెట్రోకార్డు, తరచూ కలిసే సలహాదారు, ఫుల్‌టైమ్ షరతు, అన్నీ కలిపి ఇచ్చింది. లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి పోల్చిన అధ్యయనంలో మూడేళ్లలో డిగ్రీ పొందినవారు సుమారు 40 శాతం. మామూలు సేవలు మాత్రమే అందినవారిలో 22 శాతం. అక్కడ పోలిక గుంపుకూ మామూలు ఎయిడ్ దారి మూసుకుపోలేదు. బస్సు ఛార్జీకి, పుస్తకానికి చేయి తడుముకోకపోవడం, పిలిచి అడిగేవాళ్లుండటం కలిసి పనిచేశాయి.

పుస్తకాల విషయంలో ఒక హక్కు చాలామందికి తెలియదు. ఫైలు తరగతులకు 10 రోజుల ముందే పూర్తయి, పెల్ అర్హులకు ఫీజు పోను ఎయిడ్‌లో మిగులు రావాల్సి ఉంటే, 7వ రోజుకల్లా పుస్తకాలు కొనుక్కునే ఏర్పాటు కాలేజీయే చేయాలి. ఎయిడ్ ఆఫీసులో బుక్ వోచర్ ఉందా అని అడగండి.